పూడ్చిన కిటికీ

బక్రీద్‌కి ఇంకా నలభై రోజులుంది. నైలు కాలువ పక్కనున్న ఆ ఊళ్ళో, పండక్కి కోడెను మేపుతున్న ప్రతి ఇంటా ఒకటే జాగ్రత్త: అది ఎవరి కంటా పడకూడదు, పడితే దిష్టి తగులుతుంది. షెహాతా కూడా తన కొట్టానికున్న ఒక్క కిటికీనీ ఇటుకలతో పూడ్చేస్తున్నాడు. ముందురోజు పక్కింటి తఫీదా అందులోంచి తొంగిచూసి, "ఎంత ఏపుగా ఎదిగిందో" అంది. తఫీదా పిల్లల్లేని విధవ. ఆమెది చెడ్డ కన్ను అనడానికి ఊరికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"గాలాడదయ్యా. ఊపిరాడక చస్తుంది," అంది భార్య వగీదా.

"గాలి తిని బలుస్తుందా? నువ్వు మేత సంగతి చూడు, చాలు."

ఆ కోడెను అమ్మితేనే చలికాలానికి ఇంటికి కప్పు పడుతుంది. అందుకని వగీదా ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

మేతకు లోటు చేయలేదు. మొక్కజొన్న పిండి, తవుడు, ఎండు రొట్టెలు తొట్టి నిండా పోసేది. పేడ ఎత్తాలంటే కోడెను బయట కట్టాలి, కడితే పదిమందీ చూస్తారు. అందుకని పేడ అలాగే పేరుకుపోయింది. తలుపు తీస్తే ఉచ్చ ఘాటుకు ఆమె కళ్ళే మండేవి. పదో రోజుకు కోడె దగ్గడం మొదలుపెట్టింది. ఇరవయ్యో రోజుకు మేత ముట్టడం మానేసింది. షెహాతా దిష్టి తగలకుండా దాని మెడలో మరో నీలిపూస కట్టి, సరాసరి తఫీదా గుమ్మం ముందుకెళ్ళాడు.

"నీ కడుపు పండలేదని మా కొట్టం మీద పడ్డావా? ఇంకోసారి మా వాకిలి తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

తఫీదా తలుపు వేసుకుంది. వగీదా పురిటికి నలభై రోజులు వండిపెట్టిన మనిషి ఆమె. గోడ ఇవతల నిలబడి ఇదంతా విన్న వగీదా, అడ్డుపడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున కోడె చచ్చింది. పశువుల డాక్టరు రొమ్ము కోసి చూపించాడు. ఊపిరితిత్తులు కార్జంలా గట్టిపడి, చీముపట్టి ఉన్నాయి.

"మేత బాగానే పెట్టావు పెద్దాయనా," అన్నాడాయన. "కానీ ఇది పీల్చిందంతా ఉచ్చ ఆవిరే. నేల పొడిగా ఉండి, కాస్త గాలి తగిలితే బతికేది. దిష్టి కాదు, ఏమీ కాదు."

వగీదా వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"అక్కా, తప్పు మాదే. ఒక్కసారి తలుపు తియ్యి."

"వద్దులేమ్మా," అంది తఫీదా లోపలినుంచే. "నీ మొహం చూశానంటే, రేపు నీ బిడ్డకు జలుబు చేసినా నా కళ్ళనే అంటారు."

వగీదా ఆ గుమ్మంలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చింది. కోడె పోతే మరో కోడెను పెంచుకోవచ్చు. మన అజ్ఞానాన్ని పక్కింటి మనిషి నెత్తిన రుద్దితే, ఆ మనిషి మనకు మళ్ళీ దక్కదు.