నలుగురు పట్టే బండి

నేను ఒక ట్రైలర్‌ని. వ్యాను వెనక తగిలించుకుని, ఎక్కడ చీకటి పడితే అక్కడ ఆపుకుని, ఇంటిల్లిపాదీ పడుకోవడానికి చేసిన చక్రాల గదిని. గాజువాక దగ్గర ఒక ఇరుకు సందులో, ఓ ఇంటి వాకిట్లో పుట్టాను. ఆ వాకిలి దాటింది ఒక్కసారే.

నన్ను చేసినవాడు సన్యాసిరావు. ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. అతను ఇంటికొచ్చేసరికి పిల్లలు బడికి పోయేవాళ్లు, వాళ్లు పడుకునే వేళకి అతను డ్యూటీకి పోయేవాడు. భార్య కుసుమకి ఉన్నది ఒకటే కోరిక. లంబసింగి మంచులో, తమదైన చోట, నలుగురూ ఒక్క రాత్రి కలిసి నిద్రపోవాలి. ఆ కోరిక తీర్చడానికే నన్ను చేశారు.

మంచాల కొలతలు టేపుతో తీసుకోలేదు. హాల్లో నలుగురూ వంతులవారీగా నేల మీద పడుకుంటే, చుట్టూ సుద్దముక్కతో గీశారు. కూతురు హారిక కితకితలు పుట్టి నవ్వితే గీత వంకరపోయింది. ఆ వంకర కూడా నా ప్లైవుడ్‌లోకి వచ్చింది. ఇంత ముచ్చటగా పుట్టిన బండి ఇంకోటి ఉండదని నేను మురిసిపోయాను. నా మురిపెం అక్కడితోనే సరి.

పరుపులు వేసిన రోజు సన్యాసిరావు తల్లి గౌరమ్మ లోపలికి తొంగిచూసింది.

“ఒరే, తలలు ఉత్తరానికి పెట్టావేట్రా? పసిపిల్లల్ని అలాగ పడుకోబెడతావా?”

“బండిని ఇటు తిప్పి ఆపుకుంటే సరిపోద్ది కదా అత్తయ్యా,” అంది కుసుమ.

నాకు చక్రాలున్నాయని ఆ ఇంట్లో గుర్తున్నది ఆమెకొక్కతెకే. సన్యాసిరావు మాత్రం అమ్మ మాట పట్టుకుని మంచాలు పీకి అడ్డంగా బిగించాడు. అతని కాళ్లు పట్టలేదు. కాళ్ల కోసం నన్ను కోసి వెడల్పు చేశాడు. అప్పుడు సందులోంచి బయటికి పట్టనని తేలింది. మళ్లీ కోశాడు. చలికాలాలు వస్తున్నాయి, పోతున్నాయి. “వచ్చే ఏడు ఖాయం” అన్న మాట విని విని నా చెవులు తుప్పు పట్టాయి. మనుషులంతే, ప్రేమ ఎక్కువైన పనిని ఓ పట్టాన పూర్తి చేయరు. చివరికి మంచాలు మొదటి చోటికే వచ్చాయి, తలలు ఉత్తరానికే.

ఈలోగా కుసుమ జబ్బుపడింది. ఆస్పత్రికి బయల్దేరే ముందు పిల్లలిద్దరినీ చెరోపక్క పడుకోబెట్టుకుని నాలో వాలింది. ఎంత చిక్కిపోయిందంటే, పరుపు కుంగనే లేదు.

“ఏవండీ, మీరూ ఒకసారి వచ్చి నడుం వాల్చండి. నలుగురం పడతామో లేదో చూద్దాం.”

“వస్తన్నాను. ఈ తలుపు బోల్టు బిగించేసి వస్తాను.”

బోల్టు బిగిసేలోపు ఆటో వచ్చింది. కుసుమ మళ్లీ ఇంటికి రాలేదు.

“ఆ బండిలో ఉత్తరానికి తలపెట్టి పడుకుంది. అందుకే ఇలాగయింది,” అంది గౌరమ్మ, వచ్చినవాళ్లందరితోనూ. సన్యాసిరావు కాదనలేదు. కాదంటే ఆ బోల్టు గుర్తొస్తుంది మరి. నింద నామీద ఉంటేనే అతనికి కాస్త ఊపిరాడేది.

దినాలయ్యాక ఒకరోజు అతనొక్కడే వచ్చి నన్ను వాకిట్లో అటు నుంచి ఇటు తిప్పాడు. ఇట్టే తిరిగాను. తలలు దక్షిణానికి వచ్చాయి. అంతే పని. అది చూసి నా చక్రం పక్కనే కూలబడి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. నాకు ఏడవడానికి నోరు కూడా లేదు.

మర్నాడే నన్ను పాత ఇనుముకి ఇచ్చేశారు. నేను వాకిలి దాటిన ఆ ఒక్కసారి అదే. ఈ తుక్కులో ఏ దిక్కుకి తిరిగి ఉన్నానో అడిగేవాళ్లు లేరు. రేపో మాపో గ్యాసు పెట్టి కోసేస్తారు. కోసేవాడు ఇందాక లోపలికి తలపెట్టి, “నలుగురు సుబ్బరంగా పట్టేస్తారు” అన్నాడు పక్కవాడితో.

పడతారు నాయనా, సుద్దతో గీసి మరీ చేశారు. నాలుగో మంచం మీద మాత్రం ఎవరూ ఎన్నడూ పడుకోలేదు. తలుపు బోల్టు ఇంకా గట్టిగానే ఉంది.