చేతనైన కంచెర్టో

ఆయన పళ్ల డాక్టరు. పగలంతా పళ్లు పీకుతాడు, సాయంత్రమైతే పియానో వాయిస్తాడు. పియానో ముందు కూర్చుంటే ఆ తెల్ల మెట్ల వరస నోరు తెరిచిన పేషెంటులా కనిపిస్తుందని ఆయనే అనేవాడు. "తేడా ఒక్కటే, ఇది నొక్కితే అరుస్తుంది, వాళ్లు నొక్కకముందే అరుస్తారు."

ఊళ్లోని వాద్యబృందం తమ రాబోయే కచేరీలో ఆయనకు చోటిచ్చింది. కంచెర్టో వాయించాలి. అంటే ఒంటరి పియానో ఒకవైపు, బృందమంతా మరోవైపు, మాటకు మాట. ఏ కంచెర్టో అన్నది మాత్రం ఆయనే ఎంచుకుని ఈ ఆదివారం చెప్పాలి.

"పేరులోనే కంచె ఉంది తమ్ముడూ, ఎత్తు చూసుకుని దూకు" అంది అక్క.

అక్క పిల్లలకు పియానో నేర్పుతుంది. ఆవిడ ముందుగదిలో రెండు పియానోలున్నాయి. ఒకదాని మీద ఆయన తన భాగం వాయిస్తే, రెండోదాని మీద ఆవిడ బృందమంతా తానే అయి వాయిస్తుంది. నేర్చుకునేవాళ్ల పద్ధతి అది.

ఆదివారం పొద్దున్నే పుస్తకాల గుట్ట ముందేసుకు కూర్చున్నారు.

"ఇదైతే నా దగ్గరి పిల్లలే వాయిస్తారు. తీసుకో."

"వద్దక్కా."

"ఇది?"

"ఊహూఁ."

"ఒరేయ్, కుడిచేతికి చెమటలు పట్టించేదాన్ని పక్కన దాచుకుని, పాలబుగ్గలవాళ్లు వాయించేదాన్ని వద్దంటావేమిట్రా?"

"అందులో ఎడంచేయి మరీ పెత్తనం చేస్తోంది."

అక్క కళ్లజోడు పైకి తోసి చూసింది. తమ్ముడి చూపు పేజీలో పైవరస మీద పడటమే లేదు. కుడిచేయి వాయించే వరస అది. ఆయన కింది వరస మాత్రమే, ఎడంచేతిది మాత్రమే, వేలుపెట్టి చూస్తున్నాడు.

ఆయనది ఎడంచేతి వాటం. ఆ చేతి చివరి రెండు వేళ్లలో కొన్నాళ్లుగా దూది కూరినట్టుంది. ముందు తిమ్మిరనుకున్నాడు, తర్వాత నిద్దట్లో చెయ్యి ఒంటికింద పడిందనుకున్నాడు. నిజానికి భయం కచేరీ గురించి కాదు. పన్ను తొలిచేటప్పుడు ఆయన ఉంగరంవేలు పక్క పంటి మీద ఆనించి ఉంచుతాడు. ఆ వేలు ఊతంగా ఉంటేనే గిర్రున తిరిగే డ్రిల్లు సూది నాలుక మీదికీ చిగుళ్ల మీదికీ జారకుండా ఉంటుంది. చేతనైన కంచెర్టో ఒకటి దొరికితే చేతిలో చేతన ఇంకా ఉన్నట్టేనని తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు.

"సరే, ఈ నడిమి భాగం చూడు. నత్తనడక. ఎడంచేతికి మూడు స్వరాలే, దిగుతూ" అంది అక్క, తన పియానో దగ్గరికి వెళుతూ.

వాయించారు. అక్క ఆగిపోయింది.

"మూడోది వదిలేశావు."

"వాయించాను."

"లేదురా."

"నాకు వినబడింది కదా!"

"మళ్లీ వాయించు."

మళ్లీ వాయించాడు. మూడు స్వరాలూ చక్కగా వినబడ్డాయి ఆయనకు. కిందికి చూశాడు. చిటికెనవేలు మెట్టు మీద ఒరిగి పడుకుని ఉంది. మెట్టు దిగనే లేదు. ఆ స్వరాన్ని ఆయన బుర్ర వాయించుకుంది.

"చెయ్యిచ్చిందే అక్కా" అన్నాడు నవ్వబోతూ. "ఊరివాళ్లెవరో కాదు, నా చెయ్యే నాకు చెయ్యిచ్చింది."

అక్క నవ్వలేదు. పైటకు పెట్టుకున్న పిన్ను తీసి వచ్చింది. "కళ్లు మూసుకో. ఉంగరంవేలు ఇటివ్వు."

"పన్ను డాక్టరుకి పిన్ను వైద్యమా?" మూసుకున్నాడు. "ఊఁ, గుచ్చు."

అక్క ఆ చేతిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"గుచ్చవే, భయపెట్టి చంపకు."

"గుచ్చానురా" అంది అక్క సన్నగా. "రెండుసార్లు."

కళ్లు తెరిచాడు. వేలికొసన చిన్న ఎర్రచుక్క. నిన్న మధ్యాహ్నం కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న ముసలాయన గుర్తొచ్చాడు. పాపం, "మీ హస్తవాసి మంచిది బాబూ" అంటూ ధైర్యంగా కళ్లు మూసుకున్నాడు. అప్పుడీ వేలు పంటి మీదే ఆనిందా, ఆనిందనుకున్నాడా?

క్లినిక్‌ నర్సుకి ఫోన్ చేశాడు.

"రేపటి వాళ్లందరినీ పక్కవీధి డాక్టరు దగ్గరికి పంపమ్మా."

"ఆ చిన్నపాపని కూడానా సార్? మీ జోకులకే కుర్చీ ఎక్కుతానంటుంది."

"ముందు ఆ పాపని పంపు."

"ఎందుకని అడిగితే?"

"డాక్టరుకి చెయ్యి బాగాలేదని చెప్పు."

అవతల నర్సు కిసుక్కున నవ్వింది. "పొండి సార్, మీరూ మీ వేళాకోళాలూనూ! నిజం చెప్పండి, ఎక్కడికైనా టూరా?"

ఆయన నోరు తెరిచాడు. అక్క ఫోను లాక్కుని, "అమ్మాయ్, ఇది జోకు కాదు" అంది. అటువైపు నవ్వు ఆగింది. ఆ నవ్వు ఆగినప్పుడు ఆయనకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

"నరాల డాక్టరు నంబరు నీ దగ్గరుందా?" అని అడుగుతోంది అక్క ఫోనులో. ఆయన కుడిచేత్తో ఎడంచేతి చివరి రెండు వేళ్లూ గట్టిగా పట్టుకున్నాడు. కుడిచేతికి అవి చల్లగా తగిలాయి.