ఎర్ర చుక్క కుళాయి

"బకెట్టు నిండిందా?" అని పడగ్గదిలోంచి భర్త కేక.

ఆ ఊరొచ్చి ఇరవై రెండు రోజులైంది. రోజూ ఆమెకి ఆ కేకతోనే తెల్లవారుతోంది. నిండింది మహానుభావా, నిండక ఎక్కడికి పోతుంది అని లోపల అనుకుని, "ఆఁ, నిండిందండీ" అని పైకి అంది.

బకెట్టు నింపడమూ ఓ పనేనా అనకండి. ఎడారి ఊళ్ళో అదో విద్య. వచ్చిన మొదటిరోజు చన్నీళ్ళ కుళాయి, అదే నీలం చుక్క ఉన్నది, తిప్పితే నీళ్ళు సలసలా కాగుతూ వచ్చాయి. మేడ మీది ట్యాంకు పగలంతా ఎండకి కాగిందంటే మర్నాడు పొద్దున్నకి కూడా చల్లారదు. ఆ సంగతి తెలియక భర్తగారు చెంబుడు నీళ్ళు ఒంటిమీద పోసుకుని గావుకేక పెట్టాడు. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, "నీళ్ళు చూసి పెట్టాలని తెలీదా? రోజంతా ఇంట్లో కూర్చుని చేసేదేంటి?" అన్నాడు. ఆ సూర్యుణ్ణి కూడా ఆమే వెలిగించినట్టు!

ఆమె పదకొండేళ్ళు ఏడో తరగతికి సైన్సు చెప్పిన మనిషి. ఆ మధ్యాహ్నమంతా బాత్‌రూం గుమ్మంలో నిలబడి ఆలోచించింది. గీజరు ఉన్నది లోపల, ఏసీ చల్లదనంలో. దాని స్విచ్ ఆపేస్తే అందులో నిలవున్న నీళ్ళు రాత్రికి చల్లబడి తీరాలి. అంటే వేన్నీళ్ళు రావలసిన కుళాయిలో, ఎర్ర చుక్క ఉన్నదాంట్లో, చన్నీళ్ళు రావాలి. మర్నాడు తిప్పి చూసింది. వచ్చాయి! ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టుకుంది. ఆయనకి చెప్పబోతే ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఊఁ, గీజరు ఆపెయ్యాలి, అంతేగా. నా బకెట్టు మాత్రం నింపి పెట్టు."

ఇంతకీ ఆ ఊరెలా ఉంటుంది? ఆమెకి తెలిస్తేగా! ఏడో అంతస్తు కిటికీలోంచి మట్టిరంగు మేడలు, మనిషన్నవాడు కనిపించని రోడ్డు, దుమ్ము పట్టిన ఆకాశం. ఆ ఇసుక కిటికీ సందుల్లోంచి ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, ఈవిడ తుడుస్తూనే ఉంటుంది. "ఇది నడిచి తిరిగే ఊరు కాదు. ఎక్కడికెళ్ళాలన్నా నేను తీసుకెళ్తాగా" అనేవాడు. తీసుకెళ్ళింది రెండే సార్లు, రెండూ సామాన్ల కొట్టుకే. ఆదివారం అత్తగారు ఆయనకి ఫోన్ చేసి, "ఊరెలా ఉందమ్మా?" అని కోడల్ని అడుగుతుంది. కోడలు నోరు తెరిచే లోపే కొడుకు అందుకుంటాడు. "బాగానే ఉందమ్మా. దీనికే ఇంకా అలవాటు కాలేదు."

బయల్దేరే ముందు మాత్రం తియ్యటి కబుర్లు చెప్పాడు. నీ చదువుకి అక్కడ ఉద్యోగాలకేం కొదవ, రాజీనామా ఇచ్చి వచ్చెయ్ అన్నాడు. ఇచ్చి వచ్చింది. ఇక్కడికొచ్చాక తనే వెతికి ఒక స్కూలుకి రాసుకుంది. సోమవారం ఎనిమిదింటికి వచ్చి ఒక పాఠం చెప్పి చూపించమని వాళ్ళు జవాబిచ్చారు. "ఈ ఏడాదికి వద్దులే, ముందు ఇల్లు సర్దు. రానని రాసెయ్" అన్నాడు భర్త. ఆమె రాయలేదు. రోజుకి నాలుగు సార్లు ఆ జవాబు తెరిచి చదువుకోవడం, మూసెయ్యడం. ఈ ఛాన్సు పోతే మళ్ళీ ఏడాది దాకా లేదు.

శుక్రవారం భర్త తన ఆఫీసు మేనేజరునీ, ఆ మేనేజరు భార్యనీ భోజనానికి పిలిచాడు. తెల్లారి లేచి తొమ్మిది రకాలు వండింది. విస్తళ్ళ ముందు కూర్చున్నాక మేనేజరు, "అన్నీ బాగున్నాయి కానీ ఈ ఊళ్ళో స్నానమే నరకమండీ" అన్నాడు.

"మా ఇంట్లో ఆ బాధ లేదు సార్" అన్నాడు భర్త. "వచ్చిన రెండోరోజే కనిపెట్టేశాను. గీజరు ఆపేస్తే సరి."

"అదెలాగండీ?" అంది మేనేజరు భార్య.

"అదంతా... ప్రెషర్ అండీ."

గరిటె పట్టుకుని నిలబడ్డ ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ప్రెషరట, ప్రెషరు! ఏడో తరగతి పిల్లాడు ఆ మాటంటే బెంచీ ఎక్కించేది. "భలే బుర్రండీ మీది" అని మేనేజరు మెచ్చుకుంటుంటే మురిసిపోతున్నాడు కూడా.

మేనేజరు భార్య ఆమె వైపు తిరిగింది. "మరి మీరేం చేస్తుంటారు?"

"ఏముందండీ, ఖాళీయే" అన్నాడు భర్త.

తొమ్మిది రకాలు వాళ్ళ ముందే ఉన్నాయి. ఖాళీయే!

"సోమవారం స్కూల్లో పాఠం చెప్పడానికి వెళ్తున్నానండీ. సైన్సు" అంది ఆమె. కుళాయి మాట మాత్రం ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళగానే భర్త లేచాడు. "నలుగురిలో నా పరువు తీశావు. ఎలా వెళ్తావో నేనూ చూస్తా. నేను మాత్రం కారు తియ్యను."

"టాక్సీలు ఉన్నాయటండీ" అని ఆమె గిన్నెలు కడగడానికి పోయింది.

సోమవారం పొద్దున్నే స్నానం చేసింది. నూలు చీర కట్టుకుని, సర్టిఫికెట్ల సంచీ భుజాన వేసుకుంది. బకెట్టు జోలికి పోలేదు. ఏడింటికి కింద టాక్సీ వచ్చి ఆగింది. చెప్పులు వేసుకుంటుండగా బాత్‌రూంలోంచి గావుకేక.

"అబ్బా! కాలిపోతున్నాయే నీళ్ళు! ఏ కుళాయి తిప్పాలీ?"

ఆమె గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. ఎర్ర చుక్కది అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"కనిపెట్టింది మీరేగా! మీకు తెలియందేముంది?" అని తలుపు లాగేసింది.

టాక్సీ మలుపు తిరిగేసరికి ఆమె ఫోన్ మోగింది. అత్తగారు.

"వాడు ఫోన్ ఎత్తట్లేదేంటమ్మా?"

"స్నానంలో ఉన్నారత్తయ్యా."

"అలాగా. నువ్వు బాగున్నావా? ఊరెలా ఉంది?"

మధ్యలో అందుకుని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె అద్దం కిందికి దించింది. వేడిగాలి మొహాన కొట్టింది, చీర కొంగు మీద ఇసుక పడింది. దులుపుకోలేదు.

"ఇవాళే చూస్తున్నానత్తయ్యా."