లెక్కల మాస్టారి కంటి పరీక్ష

లెక్కల మాస్టారికి పరీక్ష అంటే పాస్ కావాల్సిందే. పెట్టేది కంటి ఆసుపత్రి అయితే మాత్రం ఏం? బడిలో ఉన్నన్నాళ్ళూ పరీక్ష హాల్లో పిల్లిలా తిరిగి, కాపీ కొట్టేవాళ్ళని చెవి మెలేసి లేపిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆ బడాయి పిసరంతైనా తగ్గలేదు.

కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉందనీ, నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, మొదలైనట్టుందనీ డాక్టరమ్మ అనుమానపడింది.

"దీనికి నొప్పి ఉండదు మాస్టారూ. చూపుని అంచుల నుంచి మెల్లగా తినేస్తుంది. ఎదురుగా అక్షరాలు బాగానే కనిపిస్తుంటాయి కాబట్టి మనకి తెలీదు," అని చెప్పి, ఎంత చూపు పోయిందో కొలవడానికి పక్క గదిలోకి పంపింది.

అక్కడ పెద్ద తెల్లగిన్నెను నిలబెట్టినట్టు ఒక మెషిన్. గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, నడిమి చుక్కనే చూస్తూ కూర్చోవాలి. చుట్టుపక్కల ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. అంతే. మాస్టారు కాసేపు బుద్ధిగానే నొక్కారు. ఆ తర్వాత వెలుగులు కనిపించడం తగ్గిపోయింది. పక్కనున్న టెక్నీషియన్ అమ్మాయి ఆయన వైపు తొంగిచూసింది. కొంపదీసి ఫెయిలవుతున్నానా? వెలుగు ఎంతసేపటికోసారి వస్తోందో ఆ లెక్కల బుర్ర అప్పటికే పట్టేసింది. ఇక చూడండి, కనిపించినా కనిపించకపోయినా తాళం వేసినట్టు టకటకా నొక్కుకుంటూ పోయారు. కాపీ! ఆ వయసులో, ఆ మనిషి, కాపీ!

"మాస్టారూ, కనిపిస్తేనే నొక్కండి," అంది అమ్మాయి.

"కనిపించకుండానే నొక్కుతున్నానా? నన్నేమనుకున్నావమ్మా?" అని కయ్యిమన్నారు.

మెషిన్‌కి మొహమాటం ఎక్కడిది? వెలుగు రానప్పుడు కూడా ఈయన నొక్కారని బయటపెట్టేసింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది పనికిరాదు మాస్టారూ. వచ్చే నెల మళ్ళీ చేద్దాం. ఈలోగా చుక్కల మందు మాత్రం ఒక్కరోజు కూడా మానకండి," అంది.

బయట బెంచీ మీద భార్య కాచుకుని ఉంది. "ఏమన్నారండీ?"

"ఏమంటారు? ఫస్ట్ క్లాస్!" అనేశారు. అయ్యో, ఆ ఒక్క మాట నోట్లోనే మింగేసి ఉంటే ఎంత బాగుండేది!

చుక్కలు వేసుకుంటే కళ్ళు భగ్గుమనేవి. సీసా అయిపోయింది, ఇంకోటి కొనలేదు. మళ్ళీ చేద్దామన్న పరీక్షకీ వెళ్ళలేదు. భార్య అడిగితే, "పాసైనవాడికి మళ్ళీ ట్యూషన్ ఎందుకే?" అని నవ్వించారు. ఆవిడ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆయన అబద్ధమాడగా ఎప్పుడూ విన్నది లేదాయె.

ఏళ్ళు గడిచాయి. గుమ్మాలకు భుజాలు కొట్టుకునేవి. బల్ల అంచున పెట్టిన గ్లాసులు దొర్లిపోయేవి. ప్రతిసారీ తప్పు గుమ్మానిదో, గ్లాసు అక్కడ పెట్టినవాళ్ళదో. పేపరు మాత్రం గడగడా చదివేవారు, అంతకంటే రుజువేం కావాలి?

ఒక సాయంత్రం ఇద్దరూ మందుల షాపు ముందు రోడ్డు దాటబోయారు. భార్య కాస్త తటపటాయించింది. "ఏమీ రావట్లేదు, రావే," అంటూ ఆయనే చెయ్యి పట్టుకుని లాగారు. పక్కనుంచి వస్తున్న సైకిల్ ఆవిడని గుద్దేసింది.

"వస్తున్నవాణ్ణి చూస్తూ కూడా దిగుతారా పెద్దాయనా?" అని సైకిలతను లబలబలాడాడు. మాస్టారికి కనిపించింది ఖాళీ రోడ్డే. ఆవిడ మణికట్టు విరిగింది.

కట్టు వేయించిన మర్నాడే మాస్టారు డాక్టరమ్మ ముందు కూర్చుని ఉన్నదంతా ఒప్పేసుకున్నారు. పక్కనున్న భార్య అదంతా వినడం అదే మొదలు.

"ఫస్ట్ క్లాస్ అన్నారు కదండీ," అంది. అంతే. నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేది.

డాక్టరమ్మ కంటి లోపల నరాన్ని చాలాసేపు చూసింది. "పోయిన చూపు తిరిగి తేలేను మాస్టారూ. అప్పుడే మందు వాడి ఉంటే చాలావరకు నిలిచేది. ఇప్పుడు మిగిలినదాన్ని కాపాడుకోవాలి. చుక్కలు మొదలుపెడదాం, చాలకపోతే ఆపరేషన్. ముందు ఎంత మిగిలిందో నిజంగా తెలియాలి."

మళ్ళీ అదే గది, అదే అమ్మాయి. భార్య తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. కనిపిస్తేనే నొక్కాలని మాస్టారు మనసులో ఒట్టు పెట్టుకున్నారు. నడిమి చుక్క దగ్గర్లో కొన్ని వెలుగులు మెరిశాయి, నొక్కారు. తర్వాత ఏమీ లేదు. అంతా తెల్లగా, ఖాళీగా ఉంది. ఎదురుచూశారు. ఇంకా ఎదురుచూశారు.

"అమ్మాయ్, మెషిన్ ఆగిపోయినట్టుంది చూడు."

అమ్మాయి మెషిన్ తెర వంక ఓసారి చూసింది.

"ఆగలేదు మాస్టారూ. వెలుగులు వస్తూనే ఉన్నాయి."

తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. ఆయన మెషిన్ మీంచి గడ్డం తియ్యలేదు.

"సరే, కానియ్యమ్మా," అన్నారు.