నడిచిన నుసి

మా అత్తమ్మ నాగేశ్వరమ్మకు రెండు సంగతులంటే పడదు. ఒకటి, చంద్రపూర్ బొగ్గుగనుల గాలికి కొట్టుకొచ్చి మా తెల్లగోడ మీద వాలే బొగ్గునుసి. రెండోది, పెరట్లో జామచెట్టు కింద నేను పోగేసిన ఎండాకుల కుప్ప. నుసిని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేస్తుంది. కుప్పను మాత్రం నా మొహం చూసి ఓర్చుకుంటోంది.

"ఎండాకులు తిని బతికే పురుగులుంటయ్ అత్తమ్మా. గవే రెక్కలొచ్చి గోడల మీద వాల్తయ్," అన్నాను ఒకరోజు.

"పచ్చాకు ఇడిసిపెట్టి ఎండాకు తినేటి పురుగా? నా చెవుల పువ్వు వెడుతున్నవా? దసరా లోపట ఒక్కటి సూపెట్టు. లేకుంటే కుప్పకు అగ్గివెడ్త."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. లోపల పిల్లపురుగులన్నీ మాడిపోతాయని నాకు నిజంగానే దిగులు పట్టుకుంది. రోజూ లేవగానే గోడంతా వెతికేదాన్ని. గోడ అద్దంలా మెరిసేది తప్ప ఒక్క పురుగూ ఉండేది కాదు.

ఒకనాడు దోమలు కుట్టి, అత్తమ్మ కంటే ముందే మెలకువ వచ్చింది. ఆమె ఎప్పటిలాగే కళ్లద్దాలు లేకుండా వచ్చి, తడిగుడ్డతో నుసి మీద పడింది. ఒక చుక్క గుడ్డకు దొరక్కుండా పక్కకు జరిగింది. ఆమె మళ్లీ గుడ్డ వేసింది. అది మళ్లీ జరిగింది.

"ఓ కావేరీ! నుసి నడుస్తుందే!"

ఉరికి వెళ్లి ఫోనులో ఫొటో తీసి, "గిదే అత్తమ్మా ఎండాకు పురుగు," అని పెద్దది చేసి చూపించాను. గోధుమరంగు రెక్కలు, వాటి మీద సన్నటి అలల గీతలు, మొహం ముందు పొడుచుకొచ్చిన పొడుగాటి ముక్కు. అత్తమ్మ అద్దాలు తెచ్చుకుని చూసింది. తర్వాత అరుగు మీద చాయ్ తాగుతున్న మామయ్య వైపు చూసింది.

"అచ్చం మీ మామ ముక్కే!"

మామయ్య ముక్కు తడుముకున్నాడు. అత్తమ్మ నవ్వుతూ నవ్వుతూ చేతిలోని గుడ్డను చూసి ఆగిపోయింది.

"రోజు తుడిచింది గివేనా పిల్లా?"

ఆమె మొహం చిన్నబోతే నాకే జాలేసింది.

దసరా ముందురోజు పక్కింటి చంద్రకళ చీపురుతో వచ్చింది. "అక్కా, మా చెత్తతోని మీ కుప్ప గూడ కాలవెడ్దామా?"

అత్తమ్మ కొంగు దోపి అడ్డం నిలబడింది. "చెత్త గాదే గది, పురిటిల్లు. పురిటింటికి ఎవలన్న అగ్గివెడ్తరా?"

చంద్రకళ నోరు తెరిచి నా వైపు చూసింది. నేను జామచెట్టు వైపు చూశాను.

ఇప్పుడు అత్తమ్మ అద్దాలు పెట్టుకునే గోడ దగ్గరికి వస్తుంది. ఒక్కో చుక్క మీద ఉఫ్ అని ఊది, ఎగరకపోతేనే తుడుస్తుంది. ఇవాళ ఒక నల్లచుక్క ఎంత ఊదినా కదల్లేదు. నేను దగ్గరికి వెళ్లి చూశాను.

"గది నుసే అత్తమ్మా. తుడువున్రి."

ఆమె గుడ్డను వెనక్కి దాచుకుంది.

"ఏమో, పండుకుందేమో. ఉండనీ."