రత్నం కళ్ళ మీద నేను

నేను ఒక ఈత కళ్ళజోడును. ఎక్కడో కర్మాగారంలో ముద్దగా కరిగి, అచ్చులో పడి, రబ్బరు పట్టీ తగిలించుకుని విశాఖపట్నం చేరాను. మొదట నన్ను కొనిపించుకున్న పెద్దింటి కుర్రాడు వేసవి శిబిరంలో నాలుగు మునకలు వేసి, జలుబు చేసిందని నన్ను కొలను గట్టునే వదిలేసి పోయాడు. ఈత నేర్పే ప్రకాశరావు మాస్టారు నన్ను తీసి నూకరత్నం చేతిలో పెట్టారు.

ఆమె జాలరిపేట పిల్ల. అలల్లో పెరిగింది. జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో గెలిచింది. పతకం మెడలో పడగానే ఫోటో కోసం నన్ను నుదుటి మీదికి తోసేది. ఆ గెలుపులో నాకూ వాటా ఉందనుకుని మురిసిపోయేదాన్ని.

ఇంతలో ఆమె అన్న పోలయ్య చేపల వేటకు వెళ్ళి తుపానులో చిక్కుకున్నాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. దినాలు కాగానే రత్నం కొలనుకు వచ్చేసింది. "గుండె రాయి చేసుకుంది" అని అందరూ మెచ్చుకున్నారు. మనుషులకు మెచ్చుకోవడం ఎంత తేలికో! నా వెనక ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఈదుతోందని నాకొక్కదానికే తెలుసు.

జాతీయ పోటీల ఎంపిక నాడు అందరికన్నా ముందుంది. మలుపు దగ్గర గోడ కానక తలతో గుద్దుకుంది. నుదురు చిట్లింది, నా అద్దం బీటవారింది.

మాస్టారు మండిపడ్డారు. "కళ్ళున్నాయా లేవా నీకు? ఇన్నేళ్ళ కష్టం గోడపాలు చేశావు గదా!"

"కళ్ళు తెరవలేను మాస్టారూ. అడుక్కి సూస్తే మాయన్న అవుపడతాడేమోనని బయ్యం."

ఆయన తన తువ్వాలు తీసి ఆమె నుదుటికి అదిమిపట్టారు.

గాయం మానాక, కొలనులో ఎవరూ లేని వేళ ఆయనే నీళ్ళలోకి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నేనున్నానమ్మా. ఒక్కసారి చూడు."

ఇద్దరూ మునిగారు. బీటవారినా ఆమె కళ్ళ మీద నేనే ఉన్నాను. రెప్పలు వణికాయి, మెల్లగా విచ్చుకున్నాయి. అడుగున నీలం పలకలు, మాస్టారి సన్నటి కాళ్ళు. అంతే.

పైకి తేలాక ఆమె తేలికపడుతుందనుకున్నారాయన. గట్టు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇక్కడా లేడు మాస్టారూ."

మరుసటి ఏడు కళ్ళు తెరిచే ఈదింది. ఎంపిక కాలేదు. మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. ఆమెకు కొత్త కళ్ళజోడు వచ్చింది. నన్ను ఇంట్లో పోలయ్య చొక్కా పక్కన మేకుకు తగిలించింది. మా ఇద్దరితోనూ ఇప్పుడు ఎవరికీ పనిలేదు. మమ్మల్ని తీసి పారేయడానికి మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ చెయ్యి రాదు.