తడిగుడ్డ

బుల్లబ్బాయి నమ్మకమంతా ఆయన వేలిగోటిలో ఉంటుంది. రెజిమెంటల్ బజార్‌లో ఇరవై ఏళ్ళుగా స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నాడు. సరుకు దిగితే ప్రతి బిందెనీ గోటితో కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమంటే లోపలికి, మొద్దుగా పలికితే వెనక్కి. మనుషుల్ని కూడా ఆయన అలాగే కొట్టి చూస్తాడని యామినికి ఆ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. ఆమె మాత్రం ఎంత కొట్టినా మోగే పిల్ల కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

యామిని ఆయన భార్య నాగజ్యోతికి అక్క కూతురు. తుని దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివి, ఆ పైన చదవడానికి అక్కడ కాలేజీ లేక, బోయిగూడలో ఉన్న పిన్ని ఇంటికి వచ్చింది. ఇంట్లో పిన్ని, బాబాయి, బాబాయి తల్లి కామేశ్వరమ్మ ఉంటారు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు మార్చిలో ఉన్నాయి.

దసరాకి బాబాయి కొత్త ఫోను కొన్నాడు. ఆ కంపెనీ చేసే ఫోన్లన్నిటికీ అది పెద్దన్నట. పెట్టెలోంచి తీస్తూనే గోటితో కొట్టి చూశాడు. "ఖంగుమంది" అన్నాడు, ఇంకెవరికీ వినపడకపోయినా.

పది రోజులు తిరక్కుండానే అది వేడెక్కడం మొదలుపెట్టింది. బాబాయి రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఫోన్ని హాల్లో కిటికీ గట్టు మీద ఛార్జింగ్‌కి పెట్టి, లోపలి గదిలో ఓ గంట నడుం వాలుస్తాడు. లేచి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. కంపెనీకి చూపించడానికి ఒక నోటుబుక్కు పెట్టాడు. యామిని అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సాయంత్రాలు ఆమె చేత రాయించేవాడు.

"రాయి. పదమూడో తారీకు, మధ్యాహ్నం మూడింటికి ఒళ్ళు కాలిపోతోంది. మనిషికైతే నూట మూడు జ్వరం అనాలి. లక్ష రూపాయలు పోసి కొన్నవాడికి తృప్తి ఇదేనా అని అడుగు. అడిగావా?"

"రాశాను బాబాయి."

"తడిగుడ్డతో గొంతులు కోస్తున్నారు వీళ్ళు. అది రాయకు."

పక్కనే మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న కామేశ్వరమ్మ, "రోజూ వస్తోందా జ్వరం? పాపం" అనేది.

నవంబరు చివర్లో ఫోను తెర మీద ఆకుపచ్చ గీత పడింది. బాబాయి నోటుబుక్కు మోయించుకుని యామినిని వెంటబెట్టుకుని సర్వీసు సెంటర్‌కి వెళ్ళాడు. అక్కడ రాఘవేందర్ అనే మెకానిక్ నోటుబుక్కు తెరవనైనా లేదు. సన్నటి పిన్నుతో సిమ్ము పెట్టే అర బయటికి లాగి, లోపలికి లైటు వేసి చూపించాడు.

"చుక్క చూడున్రి సార్. తెల్లగుండాలె, ఎర్రగయింది. లోపటికి తడి పోయింది. వారంటీ రాదు."

"తడా? మా ఇంట్లో దాన్ని పసిపిల్లలా చూసుకుంటున్నాం. మీరే ఏదో పోసుంటారు. తడిగుడ్డతో గొంతులు కోస్తారయ్యా మీరు."

"గొంతులు కోసుడు నాకు రాదు సార్. స్క్రూలు విప్పుడే వస్తది." రాఘవేందర్ నవ్వలేదు. "మీరు పరేషాన్ గాకున్రి. ఇంట్ల పిల్లలు గిట్ల ఉన్నరా? జెర అడిగి చూడున్రి."

బాబాయి తల మెల్లగా పక్కకి తిరిగింది. యామిని అప్పుడు తలెత్తి చూసి ఉంటే సరిపోయేది. కాని కొత్తవాళ్ళ ముందు తల దించుకోవడం ఆమెకి పుట్టుకతో వచ్చింది. దించుకుంది. ఆ దించుకోవడాన్ని బాబాయి విన్నాడు, బిందె మోతని విన్నట్టే.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగాడు. "దీని మీద నీళ్ళు పోసిందెవరు?"

"నాకేం పని లేదా?" అంది నాగజ్యోతి. మధ్యాహ్నమంతా కొట్లో కూర్చునేది ఆవిడే.

"ఫోను మీద నీళ్ళు పోస్తారుట్రా ఎవరైనా? నేను పొయ్యలేదు" అంది కామేశ్వరమ్మ.

"నేను పొయ్యలేదు బాబాయి" అంది యామిని. ఆ గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో వస్తువులు జాగా మారడం మొదలైంది. చదువుకునే బల్ల మీది మంచినీళ్ళ సీసా వంటింట్లోకి పోయింది. ఆరేసుకున్న ఆమె చున్నీని ఎవరో తడిమి, మడత తప్పి వదిలారు. పుస్తకాల సంచీ జిప్పు తను వేసినంత మేర వేసి లేదు. ఒకనాడు బాబాయి కిటికీ గట్టు మీద ఫోను చుట్టూ ముఖానికి రాసే పౌడరు పల్చగా చల్లి పడుకున్నాడు. సాయంత్రం చూస్తే గట్టు అద్దంలా ఉంది.

"చూశావా జ్యోతీ, వేలిముద్ర కూడా మిగల్చలేదు. ఎంత జాగ్రత్తో" అనడం గోడ అవతల ఉన్న యామినికి వినిపించింది.

నాగజ్యోతి పద్ధతి వేరు. జడ వేస్తూ మెత్తగా అడిగింది. "ఎప్పుడైనా పొరపాటున చేతి తడితో పట్టుకున్నావేమో. చెప్పెయ్యవే, బాబాయికి నేను సర్దిచెప్తాను." ఆ మెత్తదనం కూడా గోటి దెబ్బేనని యామినికి అర్థమైంది. ఏం చెప్పినా మొద్దుగానే పలుకుతుంది. తల అడ్డంగా ఊపింది.

ఆ రాత్రి నోటుబుక్కు చివరి పేజీ కంటపడింది. బాబాయి సొంత దస్తూరీతో మూడు పేర్లు. ఫోను అమ్మిన కొట్టువాడు. రాఘవేందర్. యామిని. మూడో పేరు పక్కన ప్రశ్నార్థకం, దాని కింద రెండు గీతలు.

అది చూశాక ఆమెకూ అందరి మీదా అనుమానం మొదలైంది. పిన్ని కొట్టు నుంచి రాగానే చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే ఫోను తీస్తుందా? ఆ రాఘవేందర్ అంత నమ్మకంగా ఎలా చెప్పాడు? చివరికి తన మీదే తనకి అనుమానం వచ్చింది. నిద్రమత్తులో ఏమైనా ఒలకబోశానా?

బుధవారం పొద్దున్న నాగజ్యోతి గిన్నెలు సర్దుతూ చెప్పింది. "ఆదివారం రైలుకి నీకు టికెట్ తీశారు బాబాయి. కొన్నాళ్ళు అమ్మ దగ్గరుండి చదువుకో."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో యామిని అడగలేదు. ఊళ్ళో కాలేజీ లేదు. ప్రాక్టికల్స్ లేకపోతే పరీక్షే లేదు. ఆ చుక్క ఎందుకు ఎర్రబడిందో ఆదివారంలోగా తేలకపోతే తన చదువు అక్కడితో సరి. ఊళ్ళో దిగాక, పట్నంలో ఏం చేసి వచ్చిందోనని పదిమంది పది రకాలుగా అనుకుంటారు.

గురువారం కాలేజీ మధ్యాహ్నమే వదిలారు. మూడింటికి ఇల్లు చేరి, బాబాయి నిద్ర చెడకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. హాల్లో కామేశ్వరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ముందు గట్టు తుడిచింది. తర్వాత తెల్లటి గుడ్డముక్క గిన్నెలో ముంచి, గట్టిగా పిండి, నాలుగు మడతలు పెట్టి, ఫోను వీపు మీద పరిచింది. పైన అరచెయ్యి ఆనించి చూసింది, పిల్లల నుదురు చూసినట్టు.

యామిని అక్కడే ఆగిపోయింది. "మామ్మగారూ, ఏం చేస్తున్నారు?"

"నెమ్మదిగా మాట్లాడు, వాడు లేస్తాడు. జ్వరం చూస్తున్నానే. రోజూ ఇదే వేళకి వస్తోంది కదా. నీ చేత రాయించడమే గాని, వాడు ఏం పట్టించుకున్నాడు?"

"బాబాయి అడిగితే నీళ్ళు పొయ్యలేదన్నారు కదండీ."

"పొయ్యలేదు." కామేశ్వరమ్మ ముఖంలో దాపరికం ఇసుమంతైనా లేదు. "పొయ్యడం వేరు, వెయ్యడం వేరు. నీళ్ళు పోస్తే జలుబు చెయ్యదూ? పిండి వేశాను."

"ఈ మాట బాబాయితో చెప్పండి. నన్ను..."

లోపల మంచం కిర్రుమంది. బాబాయి దగ్గాడు. కామేశ్వరమ్మ గుడ్డ లాగేసి తలగడ కిందికి తోసింది. "నా వైద్యాలంటే వాడికి పడదు. అనకేం" అని పడుకుండిపోయింది.

శుక్రవారమంతా యామిని లోలోపల ఆ మాట తిప్పుతూనే ఉంది. చెబితే నమ్ముతారా? డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలావిడ మీదకి నెట్టిందంటారు. నమ్మితే ఇంకా కష్టం. కాలేజీ నుంచి రాగానే మజ్జిగ గ్లాసు చేతికిచ్చేది ఆ ఇంట్లో ఆవిడొక్కతే. ఆవిణ్ణి కొడుకు చేత తిట్టించి తను పరీక్ష రాయాలా?

శనివారం సాయంత్రం ఫోను మోగింది. సర్వీసు సెంటర్ నుంచి. బాబాయి సాక్ష్యానికి అందరినీ హాల్లో పోగుచేసి, స్పీకరు పెట్టాడు.

"నమస్తే సార్, నేను మాధురి మాట్లాడుతున్న. మా సర్వీసుతోని మీరు ఎంత తృప్తిగ ఉన్నరో ఒకటి నుంచి పది దాకా చెప్పాలె."

"సున్నా."

"సున్నా లేదు సార్. ఒకటి నుంచే షురూ."

"అయితే అందులో సగం వేసుకో."

"సగం సుత లేదు సార్. ఫోనుకు తడి తగిలిందని రిపోర్టుల ఉంది. ఒప్పుకుంటున్నరా?"

"ఒప్పుకోను. మా ఇంట్లో ఎవ్వరూ దానికి తడి తగలనివ్వలేదు. కావాలంటే మా పిల్లని అడుగు, అది అబద్ధం చెప్పదు." ఫోను యామిని చేతిలో పెట్టి, కనుబొమలతో ఊఁ అన్నాడు.

మా పిల్ల. కంపెనీ ముందు మా పిల్ల, నోటుబుక్కులో ప్రశ్నార్థకం. చేతిలో ఫోను వెచ్చగా కొట్టుకుంటోంది.

"చెప్పున్రి మేడం" అంది మాధురి.

మేడం అని ఆమెని ఎవరూ పిలిచి ఎరగరు. యామిని తలెత్తింది. "తడి తగిలిందండి. నేను చూశాను. మా బాబాయి చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఎవరన్నది నేను చెప్పను."

బాబాయి ముఖం నల్లబడింది. "విన్నావా జ్యోతీ? ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. విప్పింది చూడు, కంపెనీ తరఫున. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే."

"ఒరేయ్ బుల్లీ." మంచం మీంచి కామేశ్వరమ్మ లేచి కూర్చుంది. "ఆ పిల్లనెందుకురా అంటావు? తడిగుడ్డ వేసింది నేనైతే?"

"ఏం వేశావు?"

"తడిగుడ్డరా. జ్వరమని నువ్వే కదా రోజూ రాయించావు. నీళ్ళు పోశావా అని అడిగావు, పొయ్యలేదన్నాను. తడి తగిలిందా అని ఈ అమ్మాయి అడుగుతోంది, తగిలింది. దుమ్ముంటే గట్టు కూడా తుడిచాను."

బాబాయి పదిమంది మీద విసిరిన మాట, దాని అసలు రూపంలో, తలగడ కిందనుంచి బయటికొచ్చింది. ఆవిడ తీసి చూపించింది. చీర అంచు చింపిన ముక్క, ఇంకా కాస్త తడిగానే ఉంది. నాగజ్యోతి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"సార్, కాల్ రికార్డు అయితుంది సార్" అంది మాధురి. మళ్ళీ తనే, "అమ్మా, వేడి ముందు షురూ అయిందా, తడిగుడ్డ ముందా?"

"జ్వరం రాకుండా ఎవరైనా తడిగుడ్డ వేస్తారా తల్లీ?"

"అది రాస్తున్న. మా పైవాళ్ళు ఏమంటరో నేను చెప్పలేను. మరి తృప్తి ఎంత రాయమంటరు?"

బాబాయి గుడ్డముక్క వంకే చూస్తున్నాడు.

"పది రాసుకో" అంది కామేశ్వరమ్మ. "ఓపిగ్గా విన్నావు."

ఫోను పెట్టేశాక బాబాయి అలవాటుగా నోటుబుక్కు యామిని వైపు జరిపాడు. "రాయి" అన్నాడు గాని, ఏం రాయాలో చెప్పలేకపోయాడు.

యామిని చివరి పేజీ తెరిచి, బుక్కు ఆయన వైపు తిప్పి, పెన్ను పక్కన పెట్టింది. "ఇది నేను రాసింది కాదు బాబాయి. మీరే కొట్టెయ్యాలి."

ఆయన ఆ పేజీ వంక చూశాడు. పెన్ను తీసుకుని మూడో పేరుని, ప్రశ్నార్థకాన్ని, కింది రెండు గీతల్నీ కలిపి కొట్టేశాడు. పెన్ను అక్కడే ఆగింది.

"నా పేరు రాస్తావేమిట్రా?" అంది తల్లి. "రాస్తే క కి దీర్ఘం మరిచిపోకు."

ఆయన బుక్కు మూసేశాడు. "జ్యోతీ, ఆ ఆదివారం టికెట్ రద్దు చెయ్యి" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

"టికెట్ ఆ ఫోన్లోనే ఉంది. చూడండి, పట్టుకుంటే కాలిపోతోంది. తెర కదలడం లేదు. చల్లారేదాకా ఆగాలి."

నలుగురూ దాని చుట్టూ కూర్చుని ఎదురుచూశారు. కామేశ్వరమ్మ చెయ్యి మెల్లగా గుడ్డముక్క వైపు పాకింది. యామిని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వదలకుండా పట్టుకుంది.